బెండు గోళీలు

మద్రాసు నుంచి తిరిగొచ్చేటప్పుడు మా అన్న నబీ రసూల్ ఒళ్ళో ఒక ప్లాస్టిక్ పెట్టె ఉంది. అందులో పక్కపక్కనే మూడు గదులు, గదికొక నీలం గోళీ, ఓ పక్కనుంచి వంకర గొట్టం. ఉదయగిరి బస్టాండులో దిగగానే తెలిసినవాళ్ళు నలుగురూ చుట్టూ మూగి, అంతదూరం పోయి తెచ్చుకున్నది ఈ ఆటబొమ్మా అన్నారు. నేను వాళ్ళ మీద విరుచుకుపడ్డాను. నిజానికి నాకూ అలాగే అనిపించింది, అందుకే అంత కోపం వచ్చింది.

అది తొంభై నాలుగు ఆగస్టు నెల. అన్నకు ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో కేన్సరు గడ్డ. ఆ మొదటి మాట మా ఇంట్లో ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు, గడ్డ అని ఊరుకునేవాళ్ళం. ఆ భాగం కోసి తీసేస్తే మనిషి దక్కుతాడని మద్రాసు పెద్దడాక్టరు చెప్పాడు. అయితే వెంటనే కాదు, ఆరు వారాల తర్వాత. ఈలోపల బీడీ మానెయ్యాలి. రోజూ నడవాలి, మెట్లెక్కాలి. గంటకు పదిసార్లు ఆ గొట్టంతో గాలి లోపలికి లాగి గోళీలు లేపాలి. పూటకొకసారి పడుకుని ఒళ్ళంతా వదులు చేసుకోవాలి.

ఇవన్నీ నేర్పిన వ్యాయామం డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, అరవ యాస తెలుగులో విడమరిచి చెప్పింది. "కొయ్యడం మా పని. కోసిన తర్వాత ఊపిరి తీసుకోవడం ఆయన పని. నొప్పికి భయపడి పైపైన పీల్చాడంటే లోపల కళ్ళె పేరుకుపోతుంది, నిమ్ము చేస్తుంది. మొదటి మూడు రోజులే గండం. ఆ మూడు రోజుల కోసమే ఈ ఆరు వారాలు. దగ్గరుండి చేయిస్తావా?"

"చేయిస్తా" అన్నాను. ఎవరికీ అంత గట్టిగా మాటిచ్చిన గుర్తు లేదు నాకు.

మాది చెక్క చెంచాల పని. ఉదయగిరి కొండ మీద దొరికే నర్ది, కలివి కర్రతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కుతాం. నాయన పోయేసరికి నాకు ఎనిమిదేళ్ళు, అన్నకు ఇరవయ్యారు. ఆయనే నన్ను పెంచాడు, ఆయనే నా చేతికి ఉలి ఇచ్చాడు. ఉలితో పాటు రెండు కట్టుబాట్లు కూడా ఇచ్చాడు. ఒకటి, ఎవరి పనిముట్టు వాళ్ళదే. పక్కవాడి ఉలి ఎంత మంచిదైనా ముట్టకూడదు, దాని పిడి వాడి చేతికి తగ్గట్టు అరిగి ఉంటుంది, మన చేతికి లొంగదు. రెండోది, పగులు పట్టిన చెంచాను పొయ్యిలో వెయ్యాలి. మొదటిది నేను పాటించాను. రెండోదానికి నా దారి నాకుండేది. మైనంలో రంపపు పొట్టు కలిపి పగుల్లో కూరి, గరుకు కాగితంతో రుద్దేస్తే కొనేవాడికి ఈ జన్మలో తెలియదు. అన్నకు మాత్రం తెలిసేది. ఏమీ అనకుండా దాన్ని తీసి పొయ్యిలో పడేసి మళ్ళీ తన పనిలో మునిగేవాడు. తిట్టినా బాగుండేది.

మొదటి రోజు అన్న గొట్టం నోట్లో పెట్టుకుని బుగ్గలు ఉబ్బించి ఊదాడు. గోళీలు ఉలకలేదు, పలకలేదు.

"ఊదేది గాదన్నా, పీల్చేది."

"గొట్టం ఇస్తే ఎవుడైనా ఊదతాడు గానీ పీలుస్తాడంట్రా?"

"నలభై ఏండ్లు బీడీ పీల్చలా? అట్టనే."

అన్నకు నవ్వొచ్చింది, నవ్వుతోపాటు దగ్గూ వచ్చింది. దగ్గు తగ్గాక పీలిస్తే మొదటి గోళీ టక్కున లేచి పైకప్పుకు తగిలింది. మా వదిన జీనత్ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మర్నాటి నుంచి ఆమె ఒక గిన్నెలో చింతపిక్కలు పోసుకుని కూర్చునేది. ఆయన ఒకసారి పీలిస్తే ఒక పిక్క తీసి రెండో గిన్నెలో వేసేది. పది పడితేగానీ ఆయన్ను లేవనిచ్చేది కాదు. మిగిలిన బీడీ కట్టలన్నీ ఆమే పొయ్యిలో పెట్టింది.

తెల్లవారి నమాజు కాగానే ఇద్దరం కొండ దారి పట్టేవాళ్ళం. మా వీధిలో మిద్దెలు తక్కువ, మెట్లెక్కాలంటే కొండే దిక్కు. మొదటి వారం ఇరవై మెట్లు. ఆయన ముందు, నేను వెనక. ఆయన పడితే పట్టుకోవాలని నేను, పడకూడదని ఆయన. ఇద్దరం రొప్పుతూ దిగొచ్చేవాళ్ళం.

డాక్టరమ్మ ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆత్మకూరులో సుకుమారి సిస్టర్ చదివి చెబుతుందని ఎవరో అంటే, సోమవారం సోమవారం బస్సెక్కి పోయేవాళ్ళం. ఆమె మిషన్ ఆసుపత్రిలో ముప్ఫయ్యేళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి. చాప పరిచి అన్నను వెల్లకిలా పడుకోబెట్టేది.

"కండ్లు మూసుకో భాయ్. కాలివేళ్ళు బిగబట్టు. బిగబట్టినావా? ఇప్పుడు వదిలెయ్. పిక్కలు బిగబట్టు. వదిలెయ్. నీ ఒళ్ళు ఇప్పుడు నీది గాదు, చాపది."

అలా పాదాల నుంచి మొదలుపెట్టి భుజాల దాకా వచ్చేది. ఒళ్ళంతా వదులయ్యేది గానీ కుడిచెయ్యి మాత్రం ఉలి పట్టుకున్నట్టే వంగి ఉండేది. ఆమె ఒక్కొక్క వేలూ సాపు చేసేది. వదలగానే మళ్ళీ వంగేవి.

"ఈ చేతికి సెలవనేదే లేదా ఏంది భాయ్?"

"జుమ్మా రోజు మధ్యాన్నం ఉండాది సిస్టరమ్మా" అన్నాడు అన్న, కళ్ళు తెరవకుండానే.

నాకు విసుగొచ్చి, పడుకోవడానికి కూడా ఆత్మకూరు దాకా రావాలా అన్నాను. ఆమె నా వైపు తిరిగి, "ఇది సోమరితనం గాదు నాయనా, మందు. భయపడినోడి ఊపిరి గొంతుకాడనే ఆగిపోతుంది. వదులైతేనే అడుగుదాకా పోతుంది" అంది. వచ్చేముందు, మీరేం అనుకోకపోతే అని అడిగి, అన్న తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసింది. అన్న ఆమీన్ అన్నాడు.

మూడో వారానికి మా ఉత్సాహం చప్పబడింది. మొదటి గోళీ ఎప్పుడూ లేస్తుంది. రెండోది సగం దాకా వచ్చి వణికి కిందపడుతుంది. మూడోది పెట్టినచోటే కూర్చుంది. మెట్లు ఇరవై నుంచి అరవైకి పెరిగాయి, ఆకలి పెరిగింది, రాత్రి దగ్గు తగ్గింది. ఇవేవీ అన్న లెక్కలోకి రాలేదు. చేతిపని చేసేవాడికి ఉండే జబ్బే అది, కంటికి కనిపిస్తేనే నమ్ముతాడు.

"మూడూ లెయ్యాలని రూలేం లేదు భాయ్. నీ మాదిరి మనిషికి రెండోది నిలబెడితే చాలు. లాగడం మానబాకు, అదీ ముఖ్యం" అని సిస్టర్ నచ్చజెప్పింది. అన్న తలూపాడు. ఆ తలూపడం నాకు తెలుసు, చెంచాలు బేరమాడి కొననివాళ్ళకు కూడా ఆయన అలాగే తలూపుతాడు.

ఒక బుధవారం నడకకు లేవలేదు. గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"నాతో గాదురా యూనుసూ. ఆపరేషన్ వొద్దు. ఉండే నాలుగు నెల్లో ఆరు నెల్లో పని చేసుకుంటా ఉంటా."

"పెద్దడాక్టరు చేస్తానని చెప్పినాడు గదన్నా."

"ఆయనకేం తెలుసు? ఆ మూడో గోళీకి తెలుసు."

పెట్టెను అటక మీద పెట్టమని వదినకు ఇచ్చేశాడు. ఆ సాయంత్రం ఆయన దగ్గర బీడీ వాసన వచ్చింది. వదిన వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను వీధిలోకి వినపడేలా అరిచాను, పెంచిన చేతులకు దణ్ణం పెట్టి మరీ అరిచాను. అన్న ఒక గరిటె కాడ చెక్కుతూ కూర్చున్నాడు. రెండు రోజులు పెట్టె అటక మీదే ఉంది. ఇప్పుడు ఈయన చచ్చిపోతాడు, నా కళ్ళముందే కూర్చుని చచ్చిపోతాడు అని నాకు అర్థమైంది.

నా కోపం మెల్లగా అన్న మీద నుంచి ఆ గోళీ మీదికి మళ్ళింది. రేగ్గాయంత లేదు, ఉత్త ప్లాస్టిక్ ముక్క, మా అన్న ప్రాణం మీదికి తెచ్చింది. అది బరువుగా ఉంటే గదా ఇంత గొడవ, తేలిగ్గా ఉంటే? సోమశిల రిజర్వాయరులో చేపలు పట్టే కామయ్య వలకు కట్టే బెండు ముక్కలు మా పెరట్లో రెండు పడి ఉన్నాయి. గరిటెలు కొనడానికి వచ్చినప్పుడు మర్చిపోయి పోయాడు. బెండు ఎంత తేలికంటే అరచేతిలో ఉన్నట్టే తెలియదు.

శుక్రవారం అన్న జుమ్మా నమాజుకు పోయాడు. వదిన పక్కింటికి పోయింది. నేను పెట్టె దించి, సన్న ఉలితో అడుగు మూత ఊడదీశాను. మొదటి గోళీని ముట్టుకోలేదు. రెండోదీ మూడోదీ తీసి, వాటి కొలతకు బెండుతో రెండు గోళీలు చెక్కాను. గరుకు కాగితంతో నున్నగా రుద్ది, గరిటె కాడలకు వేసే నీలం రంగు పూసి, ఎండలో పెట్టాను. ఆరాక లోపల వేసి పీల్చి చూస్తే రెండూ ఎగిరి పైకప్పుకు కొట్టుకున్నాయి. మరీ ఇంత సులువైతే అనుమానం వస్తుంది. మూడోదానికి సన్నగా చిల్లి పెట్టి చిటికెడు మైనం కూరాను. చిల్లి మీద మళ్ళీ రంగు పూశాను. అన్న తిరిగొచ్చేసరికి పెట్టె అటక మీద ఉంది, అసలు గోళీలు రెండూ నా పనిముట్ల సంచి అడుగున ఉన్నాయి.

వారం పదిరోజులు ఆయనకు ధైర్యం వచ్చేదాకా ఉంచి, తర్వాత అసలువి పెట్టేద్దామనే అనుకున్నాను. ఒట్టు. అప్పటికి నిజంగానే బలం వస్తుంది, ఎవరికీ తెలియకుండా లెక్క సరిపోతుంది అని.

ఆ సాయంత్రం బతిమాలి పెట్టె చేతికిచ్చాను. "నాకోసం ఒక్కసారి లాగన్నా. ఇంక అడగను."

అన్న చిరాగ్గానే లాగాడు. రెండో గోళీ పైకి పోయి ఆగింది. గొట్టం నోట్లో నుంచి తీసి పెట్టెను చూశాడు. మళ్ళీ లాగాడు. మళ్ళీ పోయింది. వదిన చింతపిక్కల గిన్నె కోసం లోపలికి పరిగెత్తింది. ఆదివారం పొద్దున మూడోది కూడా లేచింది. అన్న చొక్కా అయినా వేసుకోకుండా పెట్టె చంకలో పెట్టుకుని వీధంతా తిరిగాడు. టీ అంగడిలో లాగి చూపించాడు, కర్ర అడితిలో లాగి చూపించాడు. వదిన సేమ్యా పాయసం చేసి పది ఇళ్ళకు పంచింది. నేనూ తిన్నాను. తియ్యగానే ఉంది, సిగ్గులేకుండా రెండోసారి పెట్టించుకున్నాను.

ఆ తర్వాతి రెండు వారాలు మా అన్నను చూసి తీరాలి. మళ్ళీ బీడీ ముట్టలేదు, రొట్టెలు లెక్కపెట్టకుండా తిన్నాడు. వంద మెట్లెక్కి పాత కోట గోడ దగ్గర కూర్చుని ఊరు చూస్తూ, "ఆపరేషన్ అయినాక నేను చెక్కేది మానేస్తారా. పొట్టు పీల్చింది చాలు. అడవిలోకి పోయి కర్ర ఎంచి నీకు తెచ్చిస్తా. నువ్వు చెక్కు. జీనత్ రంగులెయ్యనీ" అన్నాడు. బతకబోయే మనిషి మాటలవి. ఆ మాటలు విని నేను చేసిన పని మంచిదేనని గట్టిగా నమ్మాను.

కానీ లాగడం తగ్గించాడు. గంటకు పది అన్నది పొద్దున పది, సాయంత్రం పది అయింది. వదిన గిన్నె పట్టుకుని వెంటపడితే, "మూడూ లేస్తుండాయి గదే, ఇంకేంది లేపేది? నాలుగోది ఉండాదా?" అని నవ్వేవాడు. ఒకసారి అసలు గోళీలు తీసి చేతిలో పట్టుకున్నాను కూడా. మూడోది మళ్ళీ కదలకపోతే ఆయన మొహం ఎలా అవుతుందో తలచుకుని, తిరిగి సంచిలో పడేశాను.

చివరి సోమవారం ఆత్మకూరులో సుకుమారి సిస్టర్ ముందు కూడా అన్న దర్జాగా మూడూ లేపాడు. ఆమె సంతోషపడి, స్టెత్ తీసి వీపు మీద పెట్టి వింది. అక్కడా ఇక్కడా మార్చి మార్చి వింది. మేం బయల్దేరుతుంటే నన్ను గుమ్మం దగ్గర ఆపింది.

"గోళీలు బాగా లేస్తుండాయి. వీపు అడుగున మాత్రం గాలి సరిగా చేరడం లా. నాకు అర్థం కాలేదు నాయనా. గంట గంటకూ చేస్తుండాడా?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. ఎదురుగా చదువుకున్న మనిషి, మంచి మనిషి. అన్న వినపడనంత దూరంలో బస్సు కోసం చూస్తున్నాడు. ఇంకా వారం టైముంది.

"చేస్తుండాడు సిస్టరమ్మా" అన్నాను.

మద్రాసు వెళ్ళేరోజు వదిన ఆ పెట్టెను తువ్వాల్లో చుట్టి అన్న సంచిలో పెట్టింది. రోగి పక్కన ఒక్కరినే ఉండనిస్తారంటే ఆమె ఉదయగిరిలోనే ఉండిపోయింది. నెల్లూరు బస్టాండులో అన్న టీ తాగుతుండగా దాన్ని తీసి నా సంచి అడుక్కి తోశాను. ఆసుపత్రిలో ఎవరైనా దాన్ని చేతిలోకి తీసుకుంటే నా గుట్టు రట్టవుతుందని భయం.

ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డ మొత్తం వచ్చేసిందని పెద్దడాక్టరు స్వయంగా బయటికొచ్చి చెప్పాడు. నేను ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టబోతే వెనక్కి జరిగాడు. మర్నాడు వ్యాయామం డాక్టరమ్మ ఆసుపత్రి పెట్టె తెచ్చి అన్న చేతికిచ్చింది. పక్కటెముకల మధ్య నీరు కారడానికి పెట్టిన గొట్టం, నోట్లో తడి లేదు. అన్న లాగాడు. మొదటి గోళీ కొంచెం ఊగింది, అంతే.

అన్న దాన్ని తిప్పి చూశాడు. "ఇది మనది గాదురా. పరాయి ఉలి పట్టినట్టుండాది. మనది తియ్యి."

"వదిన పెట్టడం మరిచినట్టుండాదన్నా."

"దాని మతి ఎప్పుడూ అంతే. ఫోన్ చెయ్, ఎవురి చేతనైనా పంపమను."

"చేస్తా" అన్నాను. మంచం కింద నా సంచి నా మడమకు తగులుతూనే ఉంది.

డాక్టరమ్మ కోప్పడింది. అన్ని పెట్టెలూ ఒకటే, దీంతోనే లాగాలి, నొప్పి ఉన్నా లాగాలి, దగ్గాలి అంది. అన్న ఆమెను చూసి నవ్వాడు. తనకు తెలిసిన పనిలో తెలియనివాళ్ళు సలహా ఇస్తే నవ్వే నవ్వు అది. "మీకు తెలవదమ్మా. మా యింట్లో మూడూ లేస్తాయి. వాణ్ణడగండి."

ఆమె నా వైపు తిరిగింది. "నిజమా?"

"నిజమే" అన్నాను.

"అయితే నొప్పి వల్లే లాగడం లేదు" అని నొప్పి మందు పెంచమని నర్సుకు చెప్పింది. మందు పెంచారు. అన్నకు నొప్పి తగ్గింది. అయినా లాగలేదు. తన పనిముట్టు వస్తుందని ఎదురుచూస్తూ పడుకున్నాడు. మధ్యమధ్యలో, బస్సు యాడిదాకా వచ్చి ఉంటాది అని అడిగేవాడు. సంగం దాటి ఉంటుందనో, నెల్లూరులో ఉంటుందనో చెప్పేవాణ్ణి. ఎక్కని మనిషిని, తేని పెట్టెను ఎన్ని ఊళ్ళు దాటించానో. అలా రెండు రోజులు గడిచాయి. ఆ మూడు రోజులే గండమని నాకు తెలుసు. నాకు తెలిసినంతగా ఆ వార్డులో ఏ రోగి తాలూకు మనిషికీ తెలియదు.

మూడో రోజు సాయంత్రానికి జ్వరం వచ్చింది. ఛాతీలో గురగుర మొదలైంది. నాలుగో రోజు పొద్దున సంచి తీసి, తువ్వాలు విప్పి, పెట్టె ఆయన పక్కన పెట్టాను. అన్న మొహం విప్పారింది. గొట్టం కోసం చెయ్యి చాచాడు. నేను ఇవ్వలేదు.

"అన్నా, ఇందులో రెండోదీ మూడోదీ ప్లాస్టిక్ గోళీలు గాదు. బెండువి."

కాసేపు అర్థం కాలేదు ఆయనకు. "ఎవురు చెక్కినారు?"

"నేనే. నువ్వు ఆపరేషన్ వొద్దన్నప్పుడు."

"జీనత్ మరిచిపోలేదా?"

"లేదు."

అన్న అరచెయ్యి తెరిచాడు. అడుగు మూత ఊడదీసి మూడో గోళీ అందులో పెట్టాను. కళ్ళు మూసుకుని బొటనవేలితో దొర్లించాడు. ఒకచోట వేలు ఆగింది. గోటితో అక్కడ గీకాడు.

"మైనం" అన్నాడు.

ఇంకేమైనా అంటాడని నిలబడ్డాను. తిట్టలేదు. గోళీని పక్కన పెట్టి, "ఆ ఆసుపత్రిది ఇట్టియ్యి" అన్నాడు.

ఆ రోజంతా లాగాడు. గంటకు పది కాదు, ఇరవై. ప్రతిసారీ కుట్లు లాగి కళ్ళవెంట నీళ్ళు కారేవి. తుడుచుకోకుండా మళ్ళీ లాగేవాడు. పరాయి పనిముట్టుతో మా అన్న పనిచెయ్యడం నేను చూసింది అదొక్కసారే. సాయంత్రానికి మొదటి గోళీ పైకి పోయింది. మర్నాడు రెండోది కదిలింది. డాక్టరమ్మ అది చూసి, "మొదటిరోజే ఇలా చేసుంటే" అని, నా మొహం చూసి ఆగిపోయింది. అప్పటికే నిమ్ము రెండో వైపుకు పాకింది. ఆరో రోజు మధ్యాహ్నం, గొట్టం ఇంకా చేతిలో ఉండగానే, మా అన్న ఊపిరి ఆగిపోయింది.

పెద్దడాక్టరు నా భుజం మీద చెయ్యి వేసి, నలభయ్యేళ్ళ బీడీ ఇది, ఇందులో ఎవరి తప్పూ లేదు అన్నాడు. ఆయనకు తెలియదు. తెలిసిన ఒక్క మనిషీ తెల్లగుడ్డ కింద ఉన్నాడు. వ్యానులో ఇంటికి తీసుకొచ్చాం. కబురు తెలిసి ఆత్మకూరులో రోడ్డుపక్కన సుకుమారి సిస్టర్ నిలబడి ఉంది. వ్యాను ఆపించి, అన్న కుడిచెయ్యి పట్టుకుని, వంగిన వేళ్ళను ఒక్కొక్కటే నిమిరింది.

వచ్చినవాళ్ళందరితో వదిన ఒకే మాట చెప్పేది. "చెయ్యాల్సిందంతా చేసినాడు. బీడీ మానినాడు, కొండెక్కినాడు, మూడు గోళీలూ లేపినాడు. ఆయన వైపు నుంచి లోటు లేదు. అల్లా పిలిచినాడు, పోయినాడు." ఆడవాళ్ళు తలలూపి కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఆ మాట చెప్పిన ప్రతిసారీ ఆమె గొంతు కొంచెం నిమ్మళించేది. ప్రతిసారీ నాకు ఒళ్ళు మండిపోయేది, నా మీద నాకే.

నలభయ్యో రోజు ఫాతెహా చదవడం అయింది. అన్నాలు పెట్టడం అయింది, అందరూ వెళ్ళిపోయారు. వదిన గిన్నెలు కడుగుతోంది. ఇంక ఆపుకోలేకపోయాను. అక్కడే మట్టిలో కూర్చుని అంతా చెప్పేశాను. బెండు, మైనం, సిస్టర్ అడిగింది, మంచం కింద సంచి, రాని బస్సు, అన్నీ. చెబుతున్నంతసేపూ ఆమె చేతిలోని గిన్నె కదల్లేదు.

"పెట్టె నేను తువ్వాల్లో చుట్టి పెట్టినా గదా" అంది చివరికి.

"పెట్టినావు."

"మరిచినానని ఆయనతో చెప్పినావు."

"చెప్పినా. నాలుగో రోజు నిజం చెప్పేసినా వదినా."

ఆమె గిన్నె కిందపెట్టింది. ఏడుస్తుందనుకున్నాను, శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. పెట్టాలనే కోరుకున్నాను.

"నాకెందుకు చెప్పినావు యూనుసూ? ఆయన చెయ్యాల్సిందంతా చేసినాడు, అల్లా తీసుకున్నాడు అనుకుని రోజూ కండ్లు మూసుకుంటుండా. నాకు మిగిలింది అదొక్కటే. నీ బరువు దించుకోను అదీ తీసుకున్నావు."

లేచి లోపలికి పోయింది. మర్నాడు వింజమూరు నుంచి ఆమె పిన్ని పలకరించడానికి వచ్చింది, రసూల్‌కు ఎట్టయింది అని అడిగింది. నేను వసారాలో చెంచా చెక్కుతూ వింటున్నాను. వదిన ఆమెకు చాప పరిచింది. తర్వాత, "పోయినాడు పిన్నీ" అంది. అంతకుమించి ఇంకేమీ చెప్పలేదు.